ఎదురు వరస దీపాలు

ప్లాటు ఇంకా కాస్త దూరం ఉందనగా గోల్ఫు బగ్గీ ఆగిపోయింది.

"బగ్గీ బుగ్గయింది," అన్నాడు పళ్ళ డాక్టరు దిగుతూ.

"నా ఓపిక ఎప్పుడో బుగ్గయింది," అంది భార్య. "వారం నుంచీ ఇదే పని. ఇవి ప్లాట్లు కావండీ, పాట్లు."

ఏజెంటు నవ్వాడు. వాడు మనవాడే. పరాయి దేశంలో మనవాడు కనబడితే ప్రాణం లేచొస్తుంది, జేబు సొమ్మసిల్లుతుంది.

"ఇదే సార్ మీ స్థలం. ఓ పక్క సముద్రం, వెనక పద్దెనిమిది గుంటల గోల్ఫు కోర్సు."

"గుంటల కోసం ఇంత దూరం రావాలా? మన వీధిలో లేవూ?" అంది భార్య.

పళ్ళ డాక్టరు వినలేదు. సముద్రం వంక చూస్తున్నాడు. ఇన్నేళ్ళూ జనం నోళ్ళు తెరిపించి, తెరిపించి అలిసిపోయిన మనిషి. ఇక నోరున్న ప్రాణి లేని చోట ఇల్లు కట్టుకోవాలని ఆశ. సముద్రానికి నోరున్నా పళ్ళు లేవు కదా!

భార్య అలసట వేరు. ఆయన క్లినిక్కులో ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఫ్లాట్లో గోడలతో మాట్లాడింది.

"పలకరించే మనిషి లేకపోతే నేను రాను," అంది. "గోడలతో మాట్లాడ్డానికి పాత గోడలు చాలు. కొత్తవి కట్టక్కర్లేదు."

అప్పుడే వీధికి అవతల, ఎదురు వరస ఇళ్ళ మధ్య నుంచి గలగలమని చప్పుడైంది. ఒక పెద్దాయన వస్తున్నాడు. ఎండకు వెలిసిన టోపీ, వదులు ప్యాంటు, నడుముకి ఇంత తాళాల గుత్తి.

"తెలుగువాళ్ళేనా? దెబ్బలాట వినబడగానే అనుకున్నా!"

భార్య నవ్వింది. ఆ వారంలో అదే మొదటిసారి.

"ఇల్లు కడుతున్నారామ్మా?"

"ఇంకా ఆలోచిస్తున్నాం బాబాయిగారూ."

"ఎన్ని గదులు? పిల్లలొస్తారా? ఏడాదంతా ఉంటారా, చుట్టపుచూపేనా? వంటిల్లు మాత్రం సముద్రం వైపు పెట్టకమ్మా. కూరలో ఉప్పు అదే పడుతుంది."

పళ్ళ డాక్టరు దవడ బిగించాడు.

"మీ ఇల్లు ఏది?" అనడిగింది భార్య.

"ఆ చివరిది. మా అమ్మాయి తన దగ్గరికి వచ్చెయ్యమని గొడవ. మీరొస్తారంటే మాత్రం ఆగిపోతా." పెద్దాయన పొద్దు వంక చూశాడు. "అమ్మో, వేళయింది. వస్తానమ్మా."

గలగల దూరమయింది.

"అన్ని తాళాలెందుకు ఆయనకి?" అన్నాడు పళ్ళ డాక్టరు. "దొంగేమో!"

"గలగలలాడుతూ వచ్చే దొంగ ఉంటాడుటండీ?"

"పెద్దాయన సార్. పట్టించుకోకండి," అని ఏజెంటు వేరే బగ్గీ కోసం వెళ్ళాడు.

ఇద్దరూ ఇసుకలో కూలబడ్డారు. చీకటి పడుతోంది. ఎదురు వరసలో ఒక వరండా దీపం వెలిగింది. కాసేపటికి ఇంకో ఇంట్లో మేడ మీద. ఆ తర్వాత మరో వంటింట్లో.

"అందరూ ఇళ్ళకి చేరుతున్నారండీ," అంది భార్య. గొంతులో అలసట తగ్గింది. "ఆ మేడ మీదావిడ బట్టలు తీస్తూ ఉంటుంది. ఈ వంటింటావిడ మొగుణ్ణి తిడుతూ ఉంటుంది."

"అంత దూరం నుంచి ఎలా తెలిసింది?"

"లైటు అలా ఉంది."

వీధంతా వెలిగేదాకా ఆవిడ చూస్తూనే ఉంది.

"కట్టుకుందామండీ," అంది చివరికి.

మర్నాడు పొద్దున్న వాళ్ళు దిగిన గెస్ట్‌హౌస్ తలుపు ఎవరో తట్టారు. భార్య స్నానానికి వెళ్ళింది. పళ్ళ డాక్టరు తలుపు తీశాడు. పెద్దాయన!

"ఏమనుకున్నారు నాయనా? మా అమ్మాయికి ఇవాళ ఏదో ఒకటి చెప్పాలి. అందుకని..."

"చూడండి, మేం ఇక్కడికొచ్చేది ప్రశాంతత కోసం. తలుపు కొట్టేవాళ్ళూ, ఆరా తీసేవాళ్ళూ మాకొద్దు. నోళ్ళు చూసీ చూసీ విసిగిపోయాను నేను."

పెద్దాయన టోపీ సర్దుకున్నాడు.

"నిజమే. నాకు కాస్త నోరెక్కువ," అన్నాడు.

తాళాల గుత్తిని గుప్పిట్లో బిగించి పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగాడు.

"ఎవరండీ?" భార్య లోపల్నుంచి అడిగింది.

"ఎవరూ లేరు."

మధ్యాహ్నానికి సంతకాలయ్యాయి. సాయంత్రం ఇద్దరూ తమ స్థలం చూసుకోవడానికి వెళ్ళారు. ఏజెంటు వెంట వచ్చాడు. భార్య నిన్నటి చోటే కూర్చుని ఎదురు వరస వంక చూస్తోంది.

పొద్దు కుంకింది. చీకటి పడింది. ఒక్క దీపమూ వెలగలేదు.

"కరెంటు పోయిందా?"

"ఇక్కడ కరెంటు పోదు మేడమ్."

"మరి వీళ్ళంతా ఏరీ?"

సంతకాలయ్యాక ఏజెంటుకి కూడా నిజం సులువుగానే వస్తుంది.

"వీళ్ళెవరూ ఇక్కడుండరు మేడమ్. సీజన్లో వచ్చి, నాలుగు బంతులు కొట్టి పోతారు. వెళ్తూ వెళ్తూ తాళాలు ఆ పెద్దాయన చేతిలో పెడతారు. చీకట్లో ఇళ్ళు బెంగ పెట్టుకుంటాయని ఆయన రోజూ తిరిగి లైట్లు వేసేవాడు. మళ్ళీ పడుకునేముందు ఆర్పేసేవాడు."

"ఇవాళేమయింది?"

"తాళాలన్నీ ఆఫీసులో ఇచ్చేసి, మధ్యాహ్నమే కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు మేడమ్. ఆగడానికి ఇక కారణం లేదన్నాడు."

భార్య మొగుడి వంక చూసింది. అందరి నోళ్ళూ తెరిపించినాయన తన నోరు చేత్తో మూసుకున్నాడు.

నిన్న దీపానికో సంసారాన్ని ఊహించుకుని ఆవిడ మురిసిపోయిన ఆ ఇరుగుపొరుగంతా, పొద్దున్న మెట్లు దిగిపోయిన ఆ ఒక్క మనిషే.