ఆయ్ అన్న గడ్డి

కాలువకీ మా చేనుకీ మధ్య రెండు బారల గడ్డి కొయ్యకుండా వదిలేశాను. గట్టు జారకుండా పట్టేది దాని వేళ్లే. ఊరంతా నవ్వింది. తెల్లారితే కోసేస్తానని తమ్ముడు హరిబాబు పట్టుబట్టాడు.

చీకటి పడ్డాక ఇద్దరం నీళ్లు చూడటానికి వెళ్లాం.

"వయ్యారిభామ కలుపొక్కటే పీకుదాం, గడ్డి ఉంచుదాంరా," అన్నాను.

"ఆయ్," అంది ఔనన్నట్టు గడ్డిలోంచి ఓ గొంతు.

కప్పల బెకబెకలు ఒక్కసారిగా ఆగిపోయాయి. కాలువలో పడవ లేదు. అవతల గట్టున మనిషి లేడు.

"కొయ్యొద్దంటారాండీ?" అన్నాడు తమ్ముడు.

"ఆయ్." ఈసారి మా పక్కనే.

హరిబాబు చెప్పులు విడిచి గడ్డికి చేతులు జోడించాడు. "అలాగేనండి. కొయ్యనండి."

నాకు నవ్వు ఆగలేదు. ఏడాదిగా ఒక్కరూ ఒప్పుకోని నా మాటని ఒక్క పూటలో ఇద్దరు ఒప్పుకున్నారు. అందులో ఒకాయన ఎవరో చూద్దామని టార్చి మాత్రం వెయ్యలేదు.