ఒప్పుకోలు

ట్యాంకు నిండి నీళ్ళు వాకిట్లోకి ధార కట్టాయి. రంగు వేసి ఆరేసిన నూలంతా మళ్ళీ తడిసింది. లచ్చవ్వ పరుగున వెళ్ళి మోటరు ఆపింది.

"మోటరు ఎవలేసిన్రు?"

"నేను కాదు," అన్నాడు కొడుకు ఓంకార్, ఫోన్ మీద నుంచి తలెత్తకుండా.

"నువ్వే స్విచ్ ఏసినవ్. నేను నీ ఎన్కనే ఉన్న."

"అయితే బంద్ చేసుడు నవత పని."

"నాకెప్పుడు చెప్పినవ్?" వంటింట్లోంచి కోడలు అడిగింది.

లచ్చవ్వకు ఒళ్ళు మండింది. నూలు పిండుతూ, "మోటరుకే ఒప్పుకోనోడు రేపు కోర్టుల ఏం ఒప్పుకుంటడు?" అంది.

పోచమ్మమైదాన్ దగ్గర వీళ్ళ స్కూటీ తగిలి ఎల్లస్వామి అనే కూలీ కాలు విరిగింది. కేసు ఓంకార్ మీద పడింది. నేరం ఒప్పుకొని దవాఖాన ఖర్చు పెట్టుకుంటే చాలని ఎల్లస్వామి సరేనన్నాడు. జైలు లేకుండా బయటపడొచ్చని వకీలు సుదర్శన్ ధైర్యం చెప్పాడు. ఒకటే షరతు, ఆ తీర్పు మీద ఇక అప్పీలు ఉండదు. ఆ మాట దగ్గరే ఓంకార్ ఆగిపోయాడు. రేపే వాయిదా.

ఇప్పుడు మళ్ళీ వకీలుకే ఫోన్ చేశాడు. లచ్చవ్వ స్పీకర్ పెట్టించింది.

"సార్, పైకోర్టుకు పోవుడు అసలే ఉండదా?"

"ఉండదయ్యా. ఎన్నిసార్లు చెప్పాలె?"

"నా ఒక్కనికేనా? ఎల్లస్వామి గానీ, పోలీసోళ్ళు గానీ మళ్ళ కేసు తియ్యరాదా?"

"ఎవ్వరూ తియ్యరు. అక్కడికే ఖతం. ఇంకా డౌటుంటే సంతకం పెట్టకు, ఏండ్లకేండ్లు తిరుగు." వకీలు ఫోన్ పెట్టేశాడు.

"అడిగిందే అడుగుతానవ్. నీకు సమజైతలేదా, సమజ్ కానట్టు చేస్తానవా?" అంది లచ్చవ్వ.

నవత చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఆయన సంతకం పెట్టద్దు అత్తమ్మా. నేరం చేసినోడన్న పేరు జిందగీ అంత ఉంటది. రేపు మనం మొత్తుకున్నా వినేటోళ్ళుండరు."

"మంచిగ ఎగదోస్తానవ్. మగ్గం ఇడిచిపెట్టి మొగడు వాయిదాలు తిరిగితే నీకు బాగుంటదా? నువ్విట్లనవట్టే వాడు అట్ల మొండికేస్తాండు."

నవత వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళింది. లచ్చవ్వకు ఇంకా చిరాకు పుట్టింది. ఒకడు ఒప్పుకోడు, ఒకతి ఒప్పుకోనియ్యదు. వీళ్ళతో ఎట్లా వేగడం?

మధ్యాహ్నం ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. ఓంకార్ పచ్చిపులుసు కలుపుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు.

"అవ్వా, రేపు ఒప్పుకుంట. అప్పీలు వద్దని సంతకం పెడ్త."

లచ్చవ్వ చేతిలో ముద్ద ఆగిపోయింది. "నిజంగనేనా?"

"నిజంగనే."

"ఎట్లయితేంది, ఒక్క తప్పన్న ఒప్పుకుంటానవ్ బిడ్డా." అడక్కుండానే కొడుకు పళ్ళెంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

నవత తన పళ్ళెం పక్కకు జరిపింది.

"నవతా, తిను," అన్నాడు ఓంకార్ గట్టిగా.

"రేపు జడ్జి ముంగట నేను నిలబడ్త అత్తమ్మా," అంది నవత. "ఆ దినం బండి నడిపింది నేను."