ఐస్‌పెట్టెలో ఉప్పు బ్యాటరీ

“ఐస్‌క్రీములు పక్కకు జరిపి, అందులో బ్యాటరీలు పెట్టాలా? నీకేమైనా మతి పోయిందా తల్లీ?”

బ్యాటరీల కొట్టు పెద్దాయన నోరెళ్లబెట్టాడు. ఎదురుగా నిలబడ్డ అమ్మాయి కదల్లేదు. భుజాన బరువైన సంచీ. పాతికేళ్లు ఉంటాయో లేదో, కళ్ల కింద మాత్రం చారలు కట్టిన నలుపు.

“పక్క ఐస్‌క్రీం కొట్టు మీ బావమరిదిదేగా బాబాయ్. ఒక్క రాత్రి ఉంచమనండి. సీసం బ్యాటరీ ఒకటి, ఆ మూల దుమ్ము కొట్టుకుపోయిన ఉప్పు బ్యాటరీ ఒకటి. రెండూ నిండా చార్జింగ్ పెట్టి.”

“అదా? కంపెనీవాడు అంటగట్టి పోయాడు. ఫోన్లలో ఉండే లిథియం కాదట, సోడియం అట. ఉప్పులో ఉండేదేనట! ఉప్పు కూరలోకి గానీ కరెంటుకెందుకమ్మా? అడిగిన పాపాన పోలేదెవడూ.”

“నేను అడుగుతున్నాగా.”

ఆమె సంచీలోంచి మిషన్ తీసి బల్ల మీద పెట్టింది. పసిపిల్లలకు ఊపిరి అందించే మిషన్. గొట్టం చివర బొటనవేలంత మాస్కు. అది చూడగానే పెద్దాయన గొంతు తగ్గింది.

“బాబా, పాపా?”

“బాబు.”

“మా మనవరాలికీ ఇదేనమ్మా. మొన్ననే ఆస్పత్రి నుంచి తెచ్చుకున్నాం. కరెంటు పోయినా ఆగకుండా నా చేత్తోనే సీసం బ్యాటరీ బిగించా. గుండెల మీద చెయ్యేసుకుని పడుకుంటున్నాం.”

“మంచు పడ్డప్పుడు చూశారా?”

“ఈ కొండల మీద ఇంకా మొదలవలేదుగా. అయినా ఇల్లేమన్నా ఐస్‌పెట్టా?”

“కరెంటు పోతే హీటరూ పోతుంది బాబాయ్.”

పెద్దాయన విసుక్కుంటూనే బావమరిదిని కేకేశాడు.

మర్నాడు రెండు బ్యాటరీలూ తెల్లటి మంచు పొర కప్పుకుని బల్ల మీదికొచ్చాయి. ముందు సీసందానికి మిషన్ తగిలించాడు. బుస్... బుస్... అంటూ మొదలైంది.

“చూశావా? గుర్రం!” అని టీ గ్లాసు అందుకున్నాడు.

టీ సగం కూడా తాగలేదు. మిషన్ కీచుమని అరిచి ఆగిపోయింది. ఆ అరుపుకి అమ్మాయి రెండు చేతులూ గాల్లోకి ముందుకు దూకాయి. అక్కడేమీ లేదు. మెల్లగా వాటిని ఒళ్లోకి లాక్కుంది.

“చలికి కాస్త నీరసపడింది,” పెద్దాయన నవ్వబోయాడు. “ఎండలో పెడితే అదే లేస్తుంది.”

“మంచు కురిసే రాత్రి ఎండ ఎక్కణ్ణుంచి తేను బాబాయ్?”

ఆయన ఉప్పు బ్యాటరీకి తీగలు మార్చాడు. బుస్... బుస్... బేరాలు వచ్చాయి, పోయాయి. ఎవరేం అడిగారో ఆయన చెవికెక్కలేదు. చూపంతా మిషన్ మీదే. మధ్యలో ఒకసారి ఇంటికి ఫోన్ చేశాడు.

“పాప పడుకుందా? కరెంటు ఉందా? ఏం లేదులే, ఊరికే.”

వీధిలో లైట్లు వెలిగాయి. మిషన్ ఆగలేదు. చివరికి ఆయనే దాన్ని ఆపి, ఉప్పు బ్యాటరీని గుడ్డతో తుడిచి, ఆమె ముందుకు జరిపాడు.

“కళ్లు తెరిపించావమ్మా. ఉన్నది ఇదొక్కటే, నువ్వు పట్టుకెళ్లు. మాకు ఇంకోటి తెప్పించుకుంటా.”

“వచ్చేలోపు మంచు పడితే?” ఆమె గొట్టాన్ని జాగ్రత్తగా చుట్టి సంచీలో పెట్టుకుంది. బ్యాటరీని తిరిగి ఆయన వైపే నెట్టింది. “ఇది మీ పాపకే. ఈరోజే బిగించండి. ఆస్పత్రిలో నర్సు మీ పాప సంగతి చెప్తేనే నేనొచ్చా.”

“ఆ ముక్క నిన్ననే చెప్పొచ్చుగా?”

“చెప్తే వింటారా? నిరుడు మా ఆయన ఈ ఉప్పు బ్యాటరీనే అడిగితే మీరు నవ్వారు. సీసందే గుర్రమని చెప్పి ఇచ్చి పంపారు.”

పెద్దాయన ముఖం కందిపోయింది. ఎంత తవ్వుకున్నా ఆ మనిషి గుర్తుకు రాలేదు. తడబడుతూ బ్యాటరీ మీద చెయ్యి వేశాడు.

“మరి... మీ బాబుకి?”

“పోయిన చలికాలం, కరెంటు తిరిగొచ్చేసరికి మావాడు లేడు బాబాయ్.”