మునిగిన గొడుగులు

బిజినెస్ స్కూల్లో ఆ పిల్లను అందరూ గడగడ అనే పిలిచేవాళ్లు. మాట్లాడటం మొదలెడితే ఎదుటివాళ్లకు సందు దొరకదు మరి.

అంతటి గడగడకు ఆ రోజు ఓ పెద్దాయన అడ్డం పడ్డాడు.

పోటీకి ముందు ఆఖరి రిహార్సల్ అది. గడగడ, లెక్కలు చూసే కళ్లద్దాలబ్బాయి, స్లైడ్లు మార్చే పొడుగమ్మాయి, ముగ్గురే జట్టు. ఖాళీ క్లాసులో వెనక బెంచీ మీద ఆయన ఎప్పుడొచ్చి కూర్చున్నాడో ఎవరూ చూడలేదు.

"ఒక్క మాటమ్మా. ఇంతకీ ఆ యజమాని ఎందుకు అమ్మనన్నాడు?"

గడగడకు చిర్రెత్తుకొచ్చింది.

ఆ స్కూల్లో నిజంగా మూతపడ్డ కంపెనీల కథలను పేర్లు తీసేసి పిల్లలకు పాఠంగా ఇస్తారు. దాన్ని కేసు అంటారు. పోటీలో మాట్లాడటానికి వీళ్లకొచ్చింది ఓ గొడుగుల కంపెనీ. నష్టాల్లో ఉండగా పెద్ద కంపెనీ ఒకటి మంచి ధరకు కొంటానని వచ్చింది. యజమాని ససేమిరా అన్నాడు. ఇంకో ఏడాది ఈడ్చుకొచ్చి మూసేశాడు. పిల్లలు దానికి 'మునిగిన గొడుగులు' అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు.

"మీరెవరండీ?"

"ఊరికే వచ్చానమ్మా. కూర్చుని వినొచ్చన్నారు మీ మాస్టారు."

"అహంకారంతో అమ్మలేదు అంకుల్. మా మొదటి స్లైడే అది."

"అలా అని రాసుందా అందులో?"

"కారణం రాయలేదు. మేమే తేల్చాలి."

"ఎవరినైనా అడిగి తేల్చొచ్చుగా."

"కేసులో ఉన్నదాంతోనే తేల్చాలి అంకుల్. బయటివాళ్లను అడగడం ఉండదు."

పెద్దాయన తలూపాడు. ఊరుకుంటే బాగుండేది. "చదువైపోవచ్చింది కదమ్మా, ఉద్యోగం దొరికిందా?" అన్నాడు.

సరిగ్గా పుండు మీదే చెయ్యి పడింది. వెళ్లిన ప్రతి ఇంటర్వ్యూలోనూ గడగడకు మొండిచెయ్యే చూపించారు. వాళ్లమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడిగేదీ ఇదే. ఇక మిగిలింది ఈ పోటీ ఒక్కటే. గెలిచిన జట్టును పోటీ పెట్టిన కంపెనీయే ఉద్యోగాల్లోకి తీసుకుంటుంది.

"ఇది గెలిస్తేనే దొరుకుతుంది. మీరు కాస్త బయట కూర్చుంటే గెలుస్తాం" అంది.

పక్కనున్న ఇద్దరూ గతుక్కుమన్నారు. పెద్దాయన మాత్రం ఏమీ అనుకోలేదు. తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు.

పోటీలో గడగడ చెలరేగిపోయింది. "వాన పడక మునిగే గొడుగుల కంపెనీలుంటాయి. వాన పడుతుండగా మునిగింది ఇదొక్కటే. కారణం ఒకటే, యజమాని నెత్తికెక్కిన అహంకారం" అంది. న్యాయనిర్ణేతలు పడీపడీ నవ్వారు. మొదటి బహుమతి వీళ్లకే వచ్చింది. ఆ వారమే ముగ్గురికీ ఉద్యోగాలు ఖాయమయ్యాయి. ఆ కబురు విని వాళ్లమ్మ ఫోన్లోనే ఏడ్చేసింది.

ఏడాది చివర స్కూలు తన ఘనతలన్నీ చెప్పుకునే సభ పెట్టింది. బ్యాంకుకు అధిపతి అయిన పాత విద్యార్థిని వచ్చింది. చక్రాల కుర్చీలు తయారుచేసి దేశదేశాలకు పంపుతున్న మరో పాత విద్యార్థి వచ్చాడు. తరవాత పెద్ద తెర మీద గడగడ ప్రసంగం వేశారు. అహంకారం దగ్గరికొచ్చేసరికి హాలంతా గొల్లున నవ్వింది. ఆఖరి వరసలో ఆ పెద్దాయన కూడా చప్పట్లు కొట్టాడు.

సభ అయ్యాక మెట్ల దగ్గర తనే వచ్చి పలకరించాడు.

"ఉద్యోగం వచ్చిందటగా తల్లీ."

"వచ్చింది అంకుల్."

సొంత కూతురికి వచ్చినంత సంబరపడ్డాడు. గడగడకు సిగ్గేసింది.

"ఆ రోజు కసురుకున్నాను. ఏమనుకోకండి."

"అనుకోవడానికేముందమ్మా. పని దొరకని మనిషికి ఎలా ఉంటుందో నాకు తెలుసు."

ఇంకేదైనా అడుగుతుందేమోనని కాసేపు నిలబడ్డాడు. గడగడ తన ఫోన్ ఆయన చేతికిచ్చింది.

"మా ముగ్గురికీ ఒక్క ఫొటో తీస్తారా అంకుల్?"

ఆయన శ్రద్ధగా తీశాడు. ఫోన్ ఇచ్చేసి గేటు వైపు నడిచాడు.

అంతలో మాస్టారు ఆదరాబాదరా మెట్లు దిగివచ్చారు.

"ఆయనేరమ్మా? ఇవాళే ఊరొదిలి వెళ్లిపోతున్నారు. ఒక్కసారి కలుద్దామని వచ్చాను."

"ఇప్పుడే వెళ్లారు సర్. ఇంతకీ ఎవరాయన?"

"మీ గొడుగుల యజమాని."

గడగడ గిరుక్కున గేటు వైపు తిరిగింది.

"తన కథ పాఠంగా చెప్పుకోమన్నది ఆయనే. ఒక్క షరతు పెట్టారు. ఎందుకు అమ్మలేదో రాయొద్దు, పిల్లలు అడిగితే నేనే చెబుతానన్నారు. అందుకే ఏటా వచ్చి వెనక బెంచీలో కూర్చునేవారు."

"ఎవ్వరూ అడగలేదా సర్?"

"బయటివాళ్లను అడగకూడదని నేనెప్పుడూ అనలేదు. ఎవరు మొదలెట్టారో గానీ, ప్రతి బ్యాచీ అదే పట్టుకుంది. ఇవాళ్టితో నేను రిటైరయ్యాను. ఇక ఆ కేసు చెప్పేవాళ్లు లేరు, వినడానికి ఆయనా రారు."

గడగడ గేటు దాకా పరిగెత్తింది. రోడ్డు మీద అటూ ఇటూ చూసింది. జనం ఉన్నారు, ఆయన లేడు. రొప్పుతూ వెనక్కొచ్చింది. ఏడుపు ఆగడం లేదు.

"సర్, ఎందుకు అమ్మలేదు ఆయన?"

ఆ ప్రశ్న కోసమే ఇన్నేళ్లూ ఎదురుచూసిన మనిషి వెళ్లిపోయాడు. మాస్టారే చెప్పాల్సివచ్చింది.

"కొంటామన్నవాళ్లకు ఆ స్థలం కావాలి గానీ అందులో పనిచేసేవాళ్లు అక్కర్లేదమ్మా. అందుకని ఆయన ఉన్నదంతా ఊడ్చి మరో ఏడాది జీతాలిస్తూ, ఒక్కొక్కరినీ వెంటబెట్టుకుని ఊరంతా తిరిగి, అందరికీ వేరేచోట ఉద్యోగాలు దొరికాకే ఫ్యాక్టరీకి తాళం వేశారు."