టేపు చేరిందండీ

"ఈ టేపు డ్రైవుతో ఇంక పని లేదండీ. పాత సామాన్లోకి వేసేద్దాం," అంటూ ఇంజనీరు దుర్గాశ్రీనివాస్ దాని తీగ లాగబోయాడు.

పక్క కుర్చీలో ఉన్న అకౌంటెంటు జ్ఞానమ్మ ఆ తీగ మీద చెయ్యి వేసింది.

"అదలా ఉంచు బాబూ."

అమలాపురంలో సూర్యప్రకాశరావు నడుపుతున్న కొబ్బరి పీచు ఎగుమతి ఆఫీసు అది. రోజూ సాయంత్రం లెక్కల నకలు ఆ పెట్టెలోని టేపు మీదికి ఎక్కించేవారు. తుపాను వచ్చి ఆఫీసు మునిగినా లెక్కలు మిగలాలని జ్ఞానమ్మ ఆ టేపును ఐనవిల్లిలో తన డాబా ఇంటికి తీసుకెళ్లేది. దారిలో తడవకుండా కంపెనీ జీపు ఇచ్చేవారు. 2006లో కొత్త కంప్యూటర్లు వచ్చాయి. నకలు ఇకపై ఇంటర్నెట్ మీద విశాఖపట్నం పోతుంది. మోసుకెళ్లడానికి ఏమీ ఉండదు.

"ఇది పాతదవడమే కాదండీ, పాడైపోయింది. రెండేళ్లుగా ఒక్క అంకె ఎక్కలేదు. మీరు రోజూ తీసుకెళ్లేది ఉత్త టేపు."

"తెలుసు."

శ్రీనివాస్ తీగ వదిలేశాడు.

"కాస్త మెల్లగా మాట్లాడు. రావుగారు లోపలే ఉన్నారు. తొంభై ఆరు తుపానుకి ఇక్కడ కాగితం ముక్క మిగల్లేదు. అప్పట్నించీ ఆయనకి బెంగ. 'టేపు చేరిందండీ' అని నేను ఇంటి నుంచి ఫోన్ చేస్తేగానీ అన్నానికి కూర్చోరు. ఇది పాడైందని ఏ నోటితో చెప్పను?"

"మరి రెండేళ్ల లెక్కలండీ?"

"ఫ్లాపీల్లో పెట్టి నా సంచీలో పట్టుకెళ్తున్నాలే. ఈ పెట్టెను మాత్రం తియ్యకు."

"మా ఆఫీసుకి రిపోర్టు రాయాలండీ."

"రాసుకో. ఆయనకి చదివి వినిపించకు."

శ్రీనివాస్ కాసేపు స్క్రూలు బిగించాడు. యజమానికి నిజం చెప్పకుండా రిపోర్టు మీద ఆయన సంతకం ఎలా తీసుకోవాలో అతనికి తోచలేదు. చివరికి లేచి సూర్యప్రకాశరావు గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేశాడు.

"టేపు డ్రైవు పని చెయ్యట్లేదండీ."

"అదేమంత కొత్త సంగతి కాదుగానీ, వేరే ఏమైనా ఉంటే చెప్పు."

"మీకు తెలుసాండీ?"

"బాగున్న రోజుల్లో అది పిండిమరలా మోగేది. రెండేళ్లై చప్పుడే లేదు. నాకు చెవులున్నాయి కదయ్యా."

"మరి ఆవిడ ఫోన్ చేసేదాకా మీరు అన్నం తినరని..."

"తినను. ఇంటికి చేరేరో లేదో తెలియాలిగా. ఆవిడకి మోకాళ్లు అరిగిపోయేయి, బస్సు మెట్టు ఎక్కలేరు. జీపు ఉంది, రోజూ అందులో వెళ్లండి అన్నాను. నాకెందుకండీ జీపు, నలుగురూ నవ్వుతారన్నారు."

ఆయన కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టాడు.

"ఆ పెట్టెను అక్కడే ఉంచు. తనకోసం ఎక్కమంటే ఆవిడ ఎక్కరు. టేపు కోసమంటేనే ఎక్కుతారు."