అందని బోల్టు

"కారు బాగుచెయ్యండి. బాగవగానే మా అక్క దగ్గరికి వెళ్లిపోతాను. మళ్లీ రాను."

భార్య గుమ్మంలో నిలబడి ఉంది. కాళ్ల దగ్గర చిన్న పెట్టె. భర్త లిఫ్టుల మెకానిక్కు. సెలవురోజు కదా అని టీ గ్లాసుతో మెట్ల మీద తీరిగ్గా కూర్చున్నవాడల్లా గ్లాసు కింద పెట్టేశాడు.

"కారుకేమైంది?"

"వేడెక్కిపోతోంది. నిన్న ఆఫీసు నుంచి వస్తుంటే ముల్లు ఎర్రగీత దాకా వెళ్లింది."

"అది సరే. నేనేం చేశానని ఈ ప్రయాణం?"

"ఏం చేశారా? నేనేం చెప్పినా నమ్మరు. తలనొప్పి అంటే థర్మామీటరు పట్టుకొస్తారు. మొన్న గ్యాసు కట్టేశానని మొత్తుకున్నా వినకుండా సగం దారిలోంచి మోటార్ సైకిల్ వెనక్కి తిప్పారు."

"చూసుకుంటే తప్పేముంది?"

"కట్టేసే ఉందిగా!"

"చూశాం కాబట్టే కదా తెలిసింది!"

తప్పు తనదేనని అతనికీ లోపల ఎక్కడో తెలుసు. కానీ ఆ ముక్క ఒప్పుకోవడం కన్నా ఇంజను విప్పడమే తేలిక మగమహారాజుకి. లేచి వెళ్లి బానెట్ ఎత్తాడు.

"థర్మోస్టాట్ బిగుసుకుపోయి ఉంటుంది" అన్నాడు. ఇంజను వేడెక్కగానే తెరుచుకుని నీళ్లను రేడియేటర్లోకి వదిలే చిన్న మూత అది. అరచేతిలో ఇమిడిపోతుంది. ఆ కారు తయారుచేసిన మహానుభావుడు మాత్రం దాన్ని ఇంజను వెనకాల, గొట్టాల కింద, ఎవరి కంటా పడకుండా దాచిపెట్టాడు.

"కార్ల మెకానిక్‌కి ఇచ్చేద్దామా? నాలుగు రోజులు ఉంచుకుంటాడేమో, ఉంచుకోనివ్వండి" అంది.

"నాలుగు రోజులా? సాయంత్రానికి నేనే చేసిస్తాను" అన్నాడు పౌరుషంగా. తన పనితనం మీద ఆమెకి నమ్మకం లేదనుకున్నాడు.

వెళ్లి కొత్త థర్మోస్టాట్ కొనుక్కొచ్చాడు. బ్యాటరీ తీశాడు, గాలి గొట్టం తీశాడు. రేడియేటర్లో నీళ్లు నిండుగా ఉన్నాయి, ఎక్కడా కారిన జాడ లేదు. రెండు బోల్టుల్లో ఒకటి ఇట్టే వచ్చేసింది. రెండోది కంటికి కనిపించదు. చెయ్యి దూర్చి, తడుముకుంటూ విప్పాలి. ఆమె టార్చి పట్టుకుంది. ఎంత సాగదీసినా స్పానర్ అందీ అందనట్టే తగిలి, ఉన్నట్టుండి జారింది. వేళ్ల కణుపులు చీరుకుపోయాయి.

"అయ్యో, రక్తం! ఇవాళ్టికి వదిలెయ్యండి."

"ఇదో దెబ్బా? వెలుగు ఇటు వెయ్యి."

"అసలది పాడైందో లేదో ముందు చూడరా? ఏదైనా చూస్తేగానీ నమ్మరుగా మీరు."

"నువ్వు చెప్పావు, చాలు. నమ్మననేగా నీ బాధ? ఇదిగో, నమ్మాను."

టార్చి వెలుగు అటూ ఇటూ ఊగింది. సరిగ్గా పట్టుకోమని విసుక్కున్నాడు.

చివరికి బోల్టు ఊడింది. ఊడీ ఊడగానే వేళ్లలోంచి జారి ఖంగుమని కిందపడింది. అతను నేలకు బొర్లా పడుకుని చక్రాల సందుల్లో వెతకసాగాడు.

"దొరక్కపోతే?" అంది.

"కారు కదలదు."

"పోనీలెండి. రేపు తీరిగ్గా చూసుకోవచ్చు."

"రేపెందుకు? అదిగో, నీ చెప్పు కింద మెరుస్తోంది. కాలు తియ్యి."

ఆమె నెమ్మదిగా కాలు తీసింది.

పొద్దువాలేసరికి కొత్తది బిగించి, కూలెంట్ పోసి, ఇంజను స్టార్ట్ చేశాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ముల్లునే చూస్తూ ఉండిపోయారు. అలా పక్కపక్కన కూర్చుని ఎన్నాళ్లయిందో. ముల్లు మధ్య దాకా వచ్చి బుద్ధిగా ఆగిపోయింది. ముందు ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు.

"చూశావా? ఇప్పుడిక ఎక్కడికైనా వెళ్లొచ్చు."

"ఎక్కడికైనానా?"

"ఎంత దూరమైనా. ఢోకా లేదు."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. 'వెళ్లకు' అందామని అతని ప్రాణం కొట్టుకుపోతోంది. కానీ కారు దిగి, మసిగుడ్డతో ఎప్పుడో శుభ్రమైన చేతుల్నే మళ్లీ మళ్లీ తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆమె కూడా దిగి కాసేపు నిలబడింది. తర్వాత పెట్టె తెచ్చి వెనక సీట్లో పడేసుకుని వెళ్లిపోయింది.

ఇల్లు బావురుమంటోంది. ఒక్క మాట అనలేకపోయినందుకు తనను తాను తిట్టుకుంటూ లోపలికి వచ్చాడు. పొద్దున వదిలేసిన టీ గ్లాసు మెట్ల మీదే ఉంది. ఏం చెయ్యాలో తోచక, పాత థర్మోస్టాట్‌ని గిన్నెలో వేసి, నీళ్లు పోసి, పొయ్యి మీద పెట్టాడు. పరీక్షించకుండా ఏ సామానూ పారేసే అలవాటు లేదతనికి. పాడైపోయింది కాబట్టి ఎలాగూ తెరుచుకోదు.

నీళ్లు మరగసాగాయి. మూత మెల్లగా, నిక్షేపంగా తెరుచుకుంది.

పట్టకారుతో తీసి కుళాయి కింద పెట్టాడు. మూసుకుంది. మళ్లీ మరిగే నీళ్లలో వేశాడు. మళ్లీ తెరుచుకుంది. కారుకి ఏ రోగమూ లేదు. ముల్లు ఎర్రగీత ముఖమే చూసి ఉండదు. బోల్టు మీదికి ఆ చెప్పు ఎందుకొచ్చిందో అతనికి ఇప్పుడు అర్థమైంది.

ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే. అతను నమ్మిన మాటా అదొక్కటే.