నాలుగో దెబ్బ

“ఆపు బిడ్డా. గిది నా మగ్గం కాదు.”

స్వర్ణ చేతిలోని ఫోన్‌ని టక్కున ఆపేసింది. ఎవరి కథ చేస్తే ముందు వాళ్ళకే వినిపించి, వాళ్ళు సరే అన్నాకే జనంలోకి వదలాలని ఆమె పెట్టుకున్న నియమం. ఆ నియమమే ఇవాళ కొత్తకోటలో ఆమె కొంప ముంచేలా ఉంది.

ఇరవై నిమిషాల ఆ ఆడియో కథలో ప్రతి మాటా ఎదురుగా కూర్చున్న నేతగాడు వెంకటనర్సుదే. వద్దన్నదల్లా తీసేసింది కూడా. “మళ్ళ నా కడప తొక్కకు” అని ఆయనే తిట్టి పంపిన తమ్ముడు, ఒకప్పుడు ఆయన పక్కనే నేసిన రామచంద్రం, లాక్‌డౌన్‌లో షోలాపూర్ నుంచి ఇంటికి కాలినడకన బయల్దేరి, దారిలోనే జాడ లేకుండా పోయాడు. అది చెబుతూ వెంకటనర్సు భోరుమన్నాడు. “మంది జాలి మాకొద్దమ్మా” అంది ఆయన భార్య సుగుణమ్మ. ఆఫీసులో సారు మాత్రం, “అదే కదా అసలు కథ!” అని ఎగిరాడు. ఎగిరితే ఎగరనీ అనుకుని ఆ ముక్కంతా తీసేసింది స్వర్ణ.

అంత నిక్కచ్చి మనిషీ మగ్గం చప్పుడు దగ్గర కక్కుర్తి పడింది.

“తప్పయింది కాకా. మీ మగ్గం రికార్డు చేసిన్నాడు రేకుల మీద ఒకటే వాన. ఏం వినపడలే. వేరే మగ్గం చప్పుడు అతికించిన. ఏ మగ్గమైతేంది అనుకున్న.”

“ఏ మగ్గమైతేందా?” కళ్ళెర్రజేశాడు వెంకటనర్సు. “నలభై ఏండ్ల సంది నేస్తున్న. ఏదీ, మళ్ళ పెట్టు.”

పెట్టింది. ఆయన ఫోను చెవికి ఆనించుకుని, మోకాలి మీద వేలితో తాళం వేశాడు.

“ప్రతి నాలుగో దెబ్బకు రెండు కొడుతున్నడు. గిది నేర్పితె వచ్చేది కాదు, తంతె పోయేది కాదు. యాడిది గీ చప్పుడు?”

“మక్తల్‌ల, ఒక గల్లీల. కిటికీ బయట నిలబడి రికార్డు చేసిన. నేసేటాయన్ని చూడనన్న చూడలే.”

“అడగకుంటనేనా?”

“అడగలే కాకా,” అంది స్వర్ణ. ఆయన ఇంకోసారి పెట్టమన్నాడు. ఈసారి సగంలోనే ఫోను ఆమె చేతిలో పెట్టేసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇంత కోపం తెప్పించానా అని ఆమెకు ఏడుపొచ్చింది.

“తీసేస్త కాకా. కథ మొత్తం తీసేస్త.”

“తీసినవంటె మంచిగుండదు!” అని ఉరిమి, ఆయన చెప్పులు వేసుకున్నాడు. “నడువు మక్తల్‌కు.”

“నడుస్త కాకా. ఆయన్ని మాఫీ అడుగుత.”

“అడగాల్సింది నువ్వు కాదు.”

సుగుణమ్మ తలుపు దగ్గర అడ్డం నిలబడింది. “అన్నం తినకుంట యాడికి? ఏమైందయ్యా నీకు?”

వెంకటనర్సు ఆమె భుజం పట్టుకున్నాడు. నవ్వుతున్నాడు, కళ్ళు కారిపోతున్నాయి.

“మన రామచంద్రం బతికే ఉన్నడే!”